ట్రాము కిందికి దిగితే పేరు గోడకెక్కింది

(మన నెలవారీ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు అడగడంతో రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా? సరే. పిల్లలు ఆడుకుంటే ఆడుకోనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

ముందు ఒక ప్రశ్న. ఇవాళ ఇక్కడికి మన బోస్టన్ ట్రాము, గ్రీన్ లైన్, ఎక్కి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఫర్వాలేదే, చాలామందే ఉన్నారు. ఇంకో ప్రశ్న. గ్రీన్ లైన్ కొమ్మల్లో బి ఉంది, సి ఉంది, డి ఉంది, ఇ ఉంది. మరి ఎ ఏదండీ? రోజూ ఎక్కుతాం కదా, ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? అక్షరాలు నేర్చుకునే పిల్లాడు కూడా ఎ నుంచే మొదలెడతాడు. ఇంత పెద్ద బోస్టన్ బి నుంచి మొదలెట్టిందేమిటి? జవాబు చివర్లో చెబుతాను. ఇప్పుడే చెప్పేస్తే సగంమంది టీకి వెళ్ళిపోతారు.

నేను గుంటూరు వాణ్ణి. మా నాన్న బోర్డులు రాసేవారు. కిరాణా కొట్టు, సైకిల్ షాపు, బట్టల దుకాణం, ఎవరు పిలిస్తే వాళ్ళకి. అప్పుడప్పుడు ప్రైవేటు బస్సులకి కూడా రాసేవారు. బస్సు బోర్డు రాసేటప్పుడు మాత్రం ఆయనకి నగిషీలు ఉండేవి కావు. నీడలు లేవు, పువ్వులు లేవు. ఎందుకు నాన్నా అంటే, "కొట్టు బోర్డు నిలబడి చదువుతారురా, బస్సు బోర్డు పరిగెడుతూ చదువుతారు" అనేవారు. నేను కంప్యూటర్ల పనికి ఈ దేశం వచ్చాను కానీ, ఎక్కడికి పోయినా నా కళ్ళు ముందు బోర్డు మీదే పడతాయి. ఇవాళ్టి కబురు కూడా అలా పుట్టిందే. మనం రోజూ దిగే పార్క్ స్ట్రీట్, బాయిల్‌స్టన్ స్టేషన్లు ఉన్నాయే, అమెరికాలో మొట్టమొదట భూమి కింద కట్టిన స్టేషన్లు అవే. వాటిలో మొదట నడిచింది రైళ్ళు కాదు, వీధుల్లో తిరిగే ట్రాము బళ్ళు. ట్రాము బండి కిందికి దిగగానే జనానికి దారి చెప్పడమనే పని ఎలా మారిపోయిందన్నదే ఇవాళ నా మాట.

దానికంటే ముందు బండి వీధిలో ఉన్నప్పటి సంగతి చూద్దాం. గుర్రాలు లాగే ట్రాముల కాలం అనుకోండి. అప్పుడు స్టేషనూ లేదు, ప్లాట్‌ఫామూ లేదు. బండి వస్తుంది, మీరు చెయ్యెత్తుతారు, అది ఆగుతుంది. మరి ఏ బండి ఎక్కడికి పోతుందో ఎలా తెలిసేది? బండి రంగుని బట్టి. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. అప్పటి అమెరికా నగరాల్లో రూటును బట్టి బండికి రంగు వేయడం మామూలు. బోస్టన్‌లోనూ అంతే. దూరం నుంచి రంగు చూసి, అదిగో మన బండి అనుకునేవారు. చీకటి పడితే రంగు కనబడదు కదా, అందుకని రంగు అద్దాల దీపాలు పెట్టేవారు. చదువు రానివాడికీ తెలిసేది, కళ్ళజోడు మర్చిపోయినవాడికీ తెలిసేది. అంటే అక్కడ బోర్డు వేరుగా లేదు, బండే బోర్డు.

ఎర్ర బస్సు అంటే పల్లెటూళ్ళకి పోయేదని మనకి ఎవరైనా చెప్పాలా? చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే.

కానీ దాంతో కంపెనీకో చిక్కు ఉంది. రంగు వేసిన బండి ఆ రూటుకే కట్టుబడిపోతుంది. ఇవాళ ఈ వీధిలో రద్దీ ఎక్కువగా ఉంది, నాలుగు బళ్ళు అటు పంపుదామంటే కుదరదు. పంపితే జనం తప్పు బండి ఎక్కుతారు. 1887లో హెన్రీ విట్నీ అనే ఆయన బోస్టన్ ట్రాము కంపెనీలన్నింటినీ కలిపి వెస్ట్ ఎండ్ స్ట్రీట్ రైల్వే అని ఒకే పెద్ద కంపెనీ చేశాడు. 1889 నుంచి గుర్రాలు పోయి కరెంటు రావడం మొదలైంది. బళ్ళు పెరిగాయి, రూట్లు పెరిగాయి. రంగులు ఎన్ని ఉంటాయండీ? ఏడెనిమిది దాటితే ముదురాకుపచ్చకీ నీలానికీ తేడా తెలియదు, సాయంత్రం పూట మరీను. ఇక బండి మీద రాత పెరగక తప్పలేదు. గమ్యం పేరు రాసిన పలకలు వచ్చాయి, తర్వాత పిడి తిప్పితే పేరు మారే గుడ్డ చుట్టలు వచ్చాయి. మన ఆర్టీసీ బస్సుల్లో కూడా చూసుంటారు, డ్రైవర్ నెత్తి మీద గుడ్డ చుట్ట తిరిగి ఊరి పేరు మారేది.

ఇక్కడో చిన్న మాట. ఇదంతా అమెరికా వాళ్ళ గొప్ప అనుకోకండి. మద్రాసులో కరెంటు ట్రాములు 1895లోనే నడిచాయి, బోస్టన్ సొరంగం తెరవడానికి రెండేళ్ళ ముందు. అప్పటి మద్రాసు అంటే సగం మనదే కదా. అక్కడ ట్రాములు 1953 దాకా తిరిగాయి. మన తాతల్లో ఎంతమంది ఎక్కి ఉంటారో.

సరే, బోస్టన్‌కి వద్దాం. 1890ల్లో ట్రెమాంట్ స్ట్రీట్ మీద ట్రాములు ఎంత కిక్కిరిసిపోయేవంటే, బళ్ళ కప్పుల మీద నడుచుకుంటూ స్కాలే స్క్వేర్ నుంచి బాయిల్‌స్టన్ స్ట్రీట్ దాకా పోవచ్చని జనం ఎగతాళి చేసేవారు. ఆ బళ్ళని వీధి మీద నుంచి తీసి కిందికి పంపాలని సొరంగం తవ్వారు. చీఫ్ ఇంజనీర్ హోవర్డ్ కార్సన్. 1897 సెప్టెంబరు 1, బుధవారం తెల్లవారుజామున ఆల్‌స్టన్ నుంచి బయల్దేరిన బండి పబ్లిక్ గార్డెన్ దగ్గర కిందికి దిగింది. నడిపినవాడు జేమ్స్ రీడ్, కండక్టర్ గిల్మన్ ట్రూఫాంట్. వందమందికి పైగా ఎక్కారు. పక్కలు తెరిచి ఉండే వేసవి బండి అది, జనం అంచుల మీద కూడా వేళ్ళాడుతున్నారు. టికెట్ ఐదు సెంట్లు.

ఇప్పుడు ఆ బండిలో మీరున్నారనుకోండి. కళ్ళు మూసుకుని ఊహించండి. ఒక్క నిమిషం క్రితం దాకా మీకు అన్నీ కనబడుతున్నాయి. పార్కు కనబడింది, చర్చి గోపురం కనబడింది, రోజూ చూసే టోపీల దుకాణం కనబడింది. ఎక్కడ దిగాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ దుకాణం చూడగానే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. అంతలో బండి కిందికి దిగింది. ఏముంది అక్కడ? తెల్ల గోడ. ఇంకా తెల్ల గోడ. స్తంభాలు. దీపాలు. మొదటి స్టేషనూ తెల్లగానే ఉంది, రెండోదీ తెల్లగానే ఉంది. వెలుతురు బాగా పరుచుకోవాలని, శుభ్రంగా కనబడాలని తెల్లరంగు వాడారు. మంచిదే. కానీ ఇది బాయిల్‌స్టనా, పార్క్ స్ట్రీటా? ఎలా తెలుస్తుంది?

నేను చెప్పాలనుకున్నది ఇదే. మళ్ళీ చెబుతాను. వీధిలో ఉన్నప్పుడు ప్రయాణికుడికి ఉన్న సందేహం ఒక్కటే, "ఈ బండి ఎక్కడికి పోతుంది?" కిందికి దిగాక రెండోది పుట్టింది, "నేనెక్కడున్నాను?" మనిషికి తన ఊళ్ళోనే, తన వీధి కిందే, నేనెక్కడున్నాను అనే అనుమానం రావడం చూడండి ఎంత విచిత్రమో. అంతవరకూ ఆ జవాబు వీధి చెప్పేది, జీతం లేకుండా చెప్పేది. ఇప్పుడు ఎవరో ఒకరు గోడ మీద రాసి పెట్టాలి.

పేర్లంటారా, పైనున్న వీధుల పేర్లే కిందికి తెచ్చారు. బాయిల్‌స్టన్, పార్క్ స్ట్రీట్. ఏడాది తర్వాత 1898లో సొరంగం ఉత్తరానికి సాగితే స్కాలే స్క్వేర్, ఆడమ్స్ స్క్వేర్, హేమార్కెట్. పైన ఏముందో కింద అదే పేరు. తేలిగ్గా ఉంది కదా? కాదండీ, అక్కడే తిరకాసు ఉంది. వీధి పొడుగ్గా ఉంటుంది, స్టేషన్ ఒక్క చోట ఉంటుంది. బాయిల్‌స్టన్ స్ట్రీట్ మీదే తర్వాత కోప్లీ స్టేషన్ వచ్చింది, ఆర్లింగ్టన్ స్టేషన్ వచ్చింది. మీ ఆఫీసు బాయిల్‌స్టన్ స్ట్రీట్‌లో ఉందని బాయిల్‌స్టన్ స్టేషన్లో దిగితే మైలు నడవాల్సి రావచ్చు. ఎంతమంది అలా నడిచారు? అదిగో, నవ్వుతున్నారంటే నడిచినట్టే.

ఇక పేరు పెట్టడంలో బోస్టన్ వాళ్ళు చేసిన ఇంకో పని ఉంది, నాకు మహా ఇష్టం. 1912లో కేంబ్రిడ్జి నుంచి వచ్చే రైలు సొరంగం పార్క్ స్ట్రీట్ స్టేషన్ కిందుగా వచ్చింది. కొత్త స్టేషన్‌కి ఏం పేరు పెట్టారో తెలుసా? పార్క్ స్ట్రీట్ అండర్. అంటే పార్క్ స్ట్రీట్ కింద. అంతే! మా అమ్మమ్మ, డబ్బా ఎక్కడుందే అంటే "అటక కింద" అన్నట్టు. 1916లో ఈస్ట్ బోస్టన్ సొరంగంలో కూడా అదే చేశారు, స్కాలే స్క్వేర్ కింద కట్టినదానికి స్కాలే అండర్ అన్నారు. హార్బర్ నీళ్ళ కిందుగా పోయే ఆ సొరంగంలో అప్పుడు ట్రాము బళ్ళే నడిచేవి. 1924లోనే వాటిని తీసేసి రైళ్ళు పెట్టారు. ఇవాళ మనం బ్లూ లైన్ అంటున్నది అదే.

ఆ స్కాలే అండర్ పేరు మొజాయిక్ ముక్కలతో గోడలో పొదిగి పెట్టారు. పైన స్కాలే స్క్వేర్‌ని 1960ల్లో మొత్తం పడగొట్టేశారు. స్టేషన్ పేరు గవర్నమెంట్ సెంటర్ అయింది. వీధి పోయింది, ఇళ్ళు పోయాయి, నాటకశాలలు పోయాయి. 2014లో ఆ స్టేషన్ మూసి రెండేళ్ళు బాగుచేసి 2016 మార్చిలో తెరిచినప్పుడు ఆ పాత మొజాయిక్ అక్షరాలు బ్లూ లైన్ ప్లాట్‌ఫాం మీద మళ్ళీ పెట్టారు. ఈసారి వెళితే ఫోను జేబులో పెట్టి ఒక్కసారి చూడండి. పైన లేని ఊరికి కింద బోర్డు ఉంది.

మా నాన్న అయితే ఆ అక్షరాలు చూసి మెచ్చుకునేవారు. మొజాయిక్‌లో వంకర్లు తీయడం కష్టం, ముక్క ముక్కా పేర్చాలి, కాబట్టి అక్షరం తనంతట తానే లావుగా, తిన్నగా తయారవుతుంది. రంగు పోదు. దుమ్ము పడితే తుడిస్తే చాలు. ఇంకో లాభం, గోడ పగలగొడితే తప్ప మార్చలేం. ఇదే నష్టం కూడా!

ఇప్పుడు మొదటి సందేహానికి వెనక్కి పోదాం. ఏ బండి ఎక్కడికి పోతుంది? కిందికి దిగాక ఇది తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే వీధిలో ఒక్కో మూల ఒక్కో రూటు ఆగేది. సొరంగంలో అన్నీ ఒకే ప్లాట్‌ఫాం దగ్గరికి వస్తాయి. ఆల్‌స్టన్ బండి, బ్రూక్‌లైన్ బండి, కేంబ్రిడ్జి బండి, ఒకదాని వెనక ఒకటి. అది మెట్రో లాంటిది కాదు. మెట్రోలో రైలు వస్తే ఎక్కేయడమే, అన్నీ ఒకే దారి. ఇక్కడ తప్పు బండి ఎక్కితే వేరే ఊళ్ళో తేలతారు. పైగా పార్క్ స్ట్రీట్‌లో పట్టాలు గుండ్రంగా తిప్పి పెట్టారు. పబ్లిక్ గార్డెన్ వైపు నుంచి వచ్చిన బండి గుండ్రంగా తిరిగి వచ్చిన దారినే పోతుంది. ఊళ్ళోకి వచ్చిన బండే ఊరి బయటికి పోయే బండి. ఆ వంపు ఇవాళ్టికీ ఉంది, చక్రాలు కీచుమంటే వినబడుతుంది, పళ్ళు జివ్వుమంటాయి.

అక్కడ నిలబడ్డ జనం ఏం చేసేవారు? కోఠిలో మనం చేసేదే. బండి ముఖం వంక చూస్తూ మెడలు చాచి, అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి. నాలుగో బండి వెనకాల ఉన్న ఐదో బండి మనదేమో అని పరిగెడితే, ఈలోగా అది ముందుకి జరిగిపోతుంది. చివరికి మనిషి నోరే గతి. కండక్టర్ కేక వేస్తేనే నమ్మకం. కేకంటే గుర్తొచ్చింది, మనూళ్ళో బోర్డు మీద ఊరి పేరు అంత లావున రాసి ఉన్నా, "బాబూ, ఇది పేటకి పోద్దా?" అని అడగనిదే ఎక్కుతామా? రాత చదివి కూడా మనిషిని అడుగుతాం. రాత తప్పు కావచ్చు, నిన్నటి బోర్డు ఇవాళ తీయడం మర్చిపోయి ఉండవచ్చు. మనిషి అయితే తిట్టుకోవడానికైనా ఉంటాడు.

ఇంకో సంగతి చెప్పాలి. 1900 నాటికి బోస్టన్ జనాభాలో మూడోవంతుకు పైగా వేరే దేశాల్లో పుట్టినవాళ్ళే. ఐరిష్‌వాళ్ళు, ఇటలీవాళ్ళు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు. మనలాంటివాళ్ళే! వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు అక్షరాలు రావు. గోడ మీద ఎంత బాగా రాసినా వాళ్ళకి అది గీతలే. పాత రంగుల బండి వాళ్ళకి మేలు చేసింది, కొత్త తెల్లగోడ చేయలేదు. న్యూయార్క్‌లో 1904లో సబ్‌వే కట్టినప్పుడు కొన్ని స్టేషన్ల గోడల్లో బొమ్మలు పెట్టారు. ఆస్టర్ ప్లేస్‌లో బీవర్ అనే జంతువు బొమ్మ ఉంటుంది. ఆస్టర్ అనే షావుకారు ఆ జంతువు బొచ్చు అమ్మి కోట్లు గడించాడు, అందుకని. ఇప్పటికీ ఉంది, ఈసారి న్యూయార్క్ వెళితే పిల్లలకి చూపించండి. మెక్సికో సిటీ మెట్రోలో 1969 నుంచి ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ ఉంది. లండన్ వాళ్ళ తలనొప్పి వేరు. అక్కడ గోడల నిండా సబ్బుల ప్రకటనలు, సారా ప్రకటనలు, ఆ గందరగోళంలో స్టేషన్ పేరు ఎక్కడుందో దొరికేది కాదు. 1908లో ఎర్రటి గుండ్రటి బిళ్ళ పెట్టి దాని మీద నీలం పట్టీలో పేరు రాశారు. లండన్ గుర్తంటే ఇప్పటికీ అదే కదా.

బోస్టన్‌లో లోపలి సంగతి అలా ఉంటే, పైన మెట్లు ఎక్కడున్నాయో తెలియడం మరో తమాషా. ఎడ్మండ్ వీల్‌రైట్ అనే ఆర్కిటెక్టు మెట్ల మీద రాతి గదులు కట్టాడు. చాలా గట్టిగా, చాలా గంభీరంగా. జనం చూసి, ఇవి సమాధుల్లా ఉన్నాయన్నారు! అన్నారంటే అనరా మరి? పక్కనే నిజం స్మశానం ఉంది. సొరంగం తవ్వేటప్పుడు బాయిల్‌స్టన్ దగ్గర తొమ్మిది వందల మందికి పైగా అస్థికలు బయటపడితే తీసి మళ్ళీ పాతిపెట్టారు. ఇక రాతి గది చూసి లోపలికి దిగాలంటే గుండె ఉండాలి. ఆ గదుల్లో కొన్ని ఇంకా ఉన్నాయి, ఇవాళ మనం దిగేది వాటిలోంచే.

మెట్ల విషయంలో నా అనుభవం కూడా చెప్పేస్తాను. నేను కొత్తగా వచ్చిన వారం. బాయిల్‌స్టన్‌లో మెట్లు దిగాను, టికెట్ వేశాను, ప్లాట్‌ఫాం మీదికి పోయాను, బళ్ళన్నీ ఎదురుగా వేరే వైపు పోతున్నాయి. అటు దాటుదామంటే దారి లేదు. ఆ స్టేషన్లో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి లోపల దారి ఉండదు, పైకెక్కి రోడ్డు దాటి మళ్ళీ దిగాలి, మళ్ళీ డబ్బులు కట్టాలి. మెట్ల దగ్గర బోర్డు ఉంది. "ఇన్‌బౌండ్" అని చక్కగా రాసి ఉంది. చదివాను కూడా. అర్థం కాలేదు, తప్పు నాదే. మనకి తూర్పు, పడమర తెలుసు, "విజయవాడ వైపు" తెలుసు. ఈ లోపలికేమిటి, బయటికేమిటి? దేని లోపలికి? ఊరి నడిబొడ్డుకని తర్వాత ఎవరో చెప్పారు. పార్క్ స్ట్రీట్, గవర్నమెంట్ సెంటర్ వైపు పోతే లోపలికి. మరి అక్కడే ఎక్కి పోయేవాడు? వాడు ఎటు పోయినా బయటికే! బోస్టన్‌లో పుట్టినవాడికి ఇది తల్లిపాలతో వచ్చేస్తుంది, మనకి రెండు టికెట్ల ఖర్చుతో వస్తుంది. రాసినవాడికి ఊరు తెలుసు, చదివేవాడికి తెలియదు. మా నాన్న బోర్డు రాశాక పక్కింటి పిల్లాణ్ణి పిలిచి చదవమనేవారు. వాడు తడబడితే చెరిపేసి మళ్ళీ రాసేవారు.

రంగు కథ ముగించాలి. రూటుకో రంగు అన్న పద్ధతి చాలా ఏళ్ళు మరుగున పడింది. 1964లో ఎంబీటీఏ, అంటే ఇప్పుడు మన రైళ్ళూ బస్సులూ నడిపే సంస్థ, వచ్చింది. మరుసటి ఏడాది, 1965లో, కేంబ్రిడ్జి సెవెన్ అనే డిజైనర్ల సంస్థతో బోర్డులన్నీ మార్పించారు. పీటర్ చెర్మయెఫ్ అందులో ముఖ్యుడు. అప్పుడే రెడ్, గ్రీన్, ఆరెంజ్, బ్లూ వచ్చాయి. హార్వర్డ్ వాళ్ళ రంగు ఎరుపు కాబట్టి అటు పోయేది రెడ్. సముద్రం కింద పోయేది బ్లూ. వాషింగ్టన్ స్ట్రీట్‌లో కొంత భాగాన్ని ఒకప్పుడు ఆరెంజ్ స్ట్రీట్ అనేవారు కాబట్టి అది ఆరెంజ్. ఎమరాల్డ్ నెక్లెస్ అని పార్కుల వరస ఉంది కదా, దాని పక్కగా పోయే మన ట్రాము గ్రీన్. గుర్రపు బళ్ళ కాలం నాటి తెలివే, కాకపోతే ఈసారి రంగు బండికి కాదు, దారికి వేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా చెల్లెలు "అమీర్‌పేట్‌లో దిగి బ్లూ లైన్ ఎక్కు" అంటుంటే నాకు భలే నవ్వొస్తుంది.

కానీ గ్రీన్ లైన్‌కి ఒక్క రంగు చాలలేదు. కొమ్మలు చాలా ఉన్నాయి కదా. అదే పాత తలనొప్పి, ఒకే ప్లాట్‌ఫాం, రకరకాల బళ్ళు. అందుకని 1967లో కొమ్మలకి అక్షరాలు పెట్టారు. ఎ, బి, సి, డి, ఇ. అవును, ఎ ఉండేది! వాటర్‌టౌన్ పోయే ట్రాము అది. రెండేళ్ళు తిరక్కుండానే, 1969లో దాన్ని ఆపి బస్సు పెట్టారు. ఆపినప్పుడు మిగతావాటిని ఒక్కో అక్షరం ముందుకి జరపొచ్చు, బిని ఎ చేయొచ్చు. చేయలేదు. చేస్తే ఏమవుతుందో ఆలోచించండి, రోజూ బి ఎక్కేవాడు రేపు ఎక్కడ దిగుతాడు? అందుకని ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

ఆ బస్సు నంబరు 57. ఇవాళ వాటర్‌టౌన్ నుంచి వచ్చినవాళ్ళున్నారా? ఇద్దరు. కెన్‌మోర్ దాకా 57లోనే వచ్చారు కదండీ? అయితే ఎ లైన్ మీద వచ్చింది మీరిద్దరే.

టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకుందాం. నమస్కారం.